ఉల్లిపొట్టు కషాయం, ఓడలరేవు రొయ్యలు

ఆ రోజుల్లో ఏ సంగతైనా ఒకసారి కళ్లారా చూస్తే చాలు, అది నా ఒంట్లోనూ అలాగే జరిగి తీరుతుందని నమ్మేసేవాణ్ణి. ఎనభైల మొదట్లో అమలాపురంలో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. అంతకుముందు చదువుకునేటప్పుడు, ఎలుక కడుపులోంచి తీసిన మాస్ట్ కణాలను సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూసేవాణ్ణి. ఒంటికి పడనిది తగిలితే, లోపల దాచుకున్న హిస్టమిన్‌ను ఒక్కసారిగా కక్కి దురదలూ దద్దుర్లూ తెప్పించేవి అవే. ముందుగా ఉల్లిపొట్టులో ఉండే ఫ్లేవనాయిడ్ అనే పదార్థం ఒక చుక్క వేస్తే, ఆ తరవాత ఎంత రెచ్చగొట్టినా చాలామట్టుకు బుద్ధిగా కూర్చునేవి (అంత క్రమశిక్షణ తరవాత నా విద్యార్థుల్లో కూడా చూడలేదు).

నాకు రొయ్యలు పడవు. సంబంధం చూస్తే సముద్రపొడ్డునున్న ఓడలరేవు నుంచి వచ్చింది. ఆ అమ్మాయి చర్చిలో పాడుతుండగా ఒకసారి చూశాను. అప్పట్నుంచి నా డైరీలో వేరే సంగతులకు చోటు లేకుండా పోయింది. ఆదివారం భోజనానికి రమ్మన్నారు. నా సంగతి తెలియక, రొయ్యలు తినని అల్లుడైతే మా ఇంట్లో ఎలా నెగ్గుకొస్తాడని వాళ్ల నాన్నగారు మా బావగారితో నవ్వుతూనే అన్నారట. ఆ నవ్వుతో నాకు కంటిమీద కునుకు లేదు. వారం పాటు ఉల్లిపొట్టు కషాయం కాచుకుని పూటపూటా తాగాను.

భోజనాల దగ్గర ధీమాగా రొయ్యల ఇగురు మారు వడ్డించుకున్నాను. చెయ్యి కడుక్కునేసరికి నడుం దగ్గర దురద మొదలైంది. ఆ తరవాత వీపు, మెడ, అరికాళ్లు. కుర్చీకి వీపు రుద్దాను, లేచాను, కిటికీ దాకా వెళ్లాను, మళ్లీ కూర్చున్నాను. ఉద్యోగం సంగతి అడుగుతుంటే ఒక కాలితో ఇంకో కాలు గీకుతూ జవాబు చెప్పాను. బావగారు కళ్లతోనే కుదురుగా ఉండమంటున్నారు. చివరికి అమ్మాయి నాన్నగారు, ఆ పెద్దాయన, బావగారి వైపు తిరిగి గొంతు తగ్గించారు.

"అబ్బాయికి ఇక్కడ కాలు నిలవట్లేదండీ. ఇష్టం లేకపోతే చెప్పెయ్యమనండి, మేమేం అనుకోం."

అదేం లేదండీ అన్నారు బావగారు, కానీ ఆయనకూ నమ్మకం పోయినట్టే ఉంది. సంబంధం నా కళ్ల ముందే చెయ్యిజారిపోతోంది. ఇక లాభం లేదని చొక్కా చేతులు పైకి లాగి, ఎర్రగా పొంగిన దద్దుర్లు చూపించాను. ఎలుకల దగ్గర్నుంచి కషాయం దాకా గోక్కుంటూనే అంతా చెప్పాను. తలుపు పక్కన నిలబడ్డ అమ్మాయే ముందుగా అంది:

"ఆ ఉల్లి వాసన మీ దగ్గర్నించాండీ? కూరలో నేనే ఎక్కువేసేసేనేమోనని ఇందాకట్నించీ హడిలి చస్తన్నాను."

పెద్దాయన నవ్వు ఆపుకోలేక లేచి నిలబడ్డారు. "ముందు డాక్టరు గారి దగ్గరికి పదండి బాబూ. పెళ్లి మాటలు దార్లో మాటాడుకుందాం."

గాజుపలక మీద చుక్క నేరుగా కణాన్నే తాకుతుంది. నోట్లో పోసుకున్నది కడుపులో రకరకాలుగా మారి అక్కడికి చేరేది ఏపాటి? ఇంజెక్షను సూది దిగాక గానీ నాకా ఆలోచన రాలేదు. ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా, నాకు పడనివన్నీ గుమ్మంలోనే చెప్పేస్తాను. అడక్కుండా ఎందుకు చెబుతారని ఆ అమ్మాయే, అంటే మా ఆవిడే, కసురుతుంది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేక పొట్టునీళ్లు తాగిన ఆ కుర్రవాడు తెలివితక్కువవాడే. అయినా ఒక మనిషి కావాలని అంతగా కుదురు తప్పడం మళ్లీ నావల్ల కాలేదు. అప్పుడప్పుడు వాడంటే నాకు అసూయగానే ఉంటుంది.