చింతపండు నీళ్లలో కరిగిన గుండు

మా కోడలు చమురు బావుల్లోకి దింపే పరికరాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆమధ్య హసన్‌పర్తి కాలేజీలో పిల్లలకు చూపించాలని బత్తాయంత లోహపు గుండు ఒకటి ఇంటికి తెచ్చింది. మసకబారినట్టు కనిపిస్తే, శుక్రవారం పొద్దున ఇత్తడి దీపాలతో పాటు దాన్నీ ఉప్పు, చింతపండు నీళ్లలో నానబెట్టి వర్ధన్నపేట వెళ్లాను.

సాయంత్రం వచ్చేసరికి గిన్నెలో నీళ్లు బుసబుసా పొంగుతున్నాయి. గుండు సగమే ఉంది. కాలేజీ కార్యక్రమం మర్నాడే. కోడలు ఇంటికి రాగానే గిన్నె ఆమె ముందు పెట్టాను.

"నీ సామాను ఖరాబు చేసిన బిడ్డా," అన్నాను.

కోడలు గిన్నెలోకి చూసి నవ్వింది. "ఖరాబు కాలే అత్తమ్మా. ఆయిల్ కోసం భూమి లోపట బండను నీళ్ల జోరుతోని పలగ్గొట్టేటప్పుడు ఇది బావిల దారి మూస్తది. పనైనంక ఉప్పునీళ్లకు కరిగిపోయి ఆయిల్‌కు దారి ఇడుస్తది. రేపు ఈ సగమే కరిగించి చూపిస్త."

అరగని గిన్నెల కోసం బజారంతా తిరిగే నాకు ఇదేమీ అంతుబట్టలేదు. "కరిగిపోతే, అది పని చేసిందని ఎవలకు ఎర్కైతది?" అని అడిగాను.

"ఆయిల్ పైకొస్తది గద అత్తమ్మా."

అర్థమైనట్టు తలూపాను. ఆమె చెప్పింది గుండు గురించో, ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నేను చేసిన పని గురించో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.