పదో అభిప్రాయం

ఆరేళ్ల నుంచి ఒక అబద్ధం మోస్తున్నాను. చూడటానికి పెద్దదేం కాదు. అచ్చులో మూడు వాక్యాలు, నోటితో ఒక వాక్యం. అచ్చులో వేసిన మూడు వాక్యాల సంగతి నా స్నేహితులందరికీ తెలుసు. నారాయణగూడ ఇరానీ హోటల్లో కూర్చుని నేనే వాళ్లకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటాను. ప్రతిసారీ నవ్వారు. ఒకడికైతే చాయ్ ముక్కులోకి పోయింది. నోటితో చెప్పిన ఆ ఒక్క వాక్యం మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కథ అక్కడికి రాగానే ఆపేసి, ఇంకో ఉస్మానియా బిస్కట్ తెమ్మనేవాణ్ని.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకుండా జాగ్రత్త పడుతున్నాను, పేరు రాయడం లేదు. పది మంది పేర్లూ ఊళ్లూ ఫొటోలూ ప్రతి వారం అచ్చు వేయించినవాడు, తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఎంత సిగ్గరి అయిపోయాడో చూడండి. దీనికే ఒళ్లు మండుతుంది నాకు. నా మీదే.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. పగలు డిగ్రీ చివరి సంవత్సరం, మధ్యాహ్నం దాటాక చిక్కడపల్లిలో ఒక సినిమా వారపత్రికలో పని. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా క్రాస్ రోడ్స్ థియేటర్ల ముందు నిలబడి, ఆట వదలగానే బయటికొచ్చే జనాన్ని ఆపి, ఎలా ఉందని అడిగి, పది మంది అభిప్రాయాలు రాసివ్వాలి. ఒక్కొక్కరి పేరు, చేసే పని, ఉండే చోటు, తపాలా బిళ్లంత ఫొటో. ఫొటోలు తీయడానికి వేరే ఆయన వచ్చేవాడు. నా చేతికి ఆఫీసు వాళ్లు ఇటుకంత టేప్ రికార్డర్ ఒకటి ఇచ్చారు.

మా ఎడిటర్ గారికి ఒక కొలత ఉండేది. "ఆరు బాగుంది, మూడు పరవాలేదు, ఒకటి బాగాలేదు. అంతేనయ్యా. పదికి పదీ బాగుందంటే పాఠకుడు నమ్మడు. రెండు బాగాలేదంటే నిర్మాత ప్రకటన ఇవ్వడు." సినిమా ఏదైనా ఇదే కొలత. ఇడ్లీ పిండి విషయంలో మా అమ్మ కూడా అంత కచ్చితంగా ఉండేది కాదు. చిక్కు ఏమిటంటే, జనం ఈ కొలత ప్రకారం థియేటర్లోంచి బయటికి వచ్చేవాళ్లు కాదు. మూడో వారానికే నాకు విసుగు పుట్టింది. పేరు, పని, ఫొటో తీసుకుని, అభిప్రాయం నేనే రాయడం మొదలుపెట్టాను. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. అచ్చులో తన మొహం కనబడితే మనిషి కింద ఏం రాసి ఉందో చదవడు. చదివినా తానే అన్నాననుకుంటాడు. ఇది నేను కనిపెట్టిన గొప్ప సత్యమని అప్పట్లో తిరిగాను.

కష్టమల్లా ఆ పదోదానితోనే. బాగాలేదన్నది ఎవరి మొహం కింద వేయాలి? కాలేజీ కుర్రాడి కింద వేస్తే వాడు నలుగుర్ని వెంటేసుకుని ఆఫీసుకు వస్తాడు. గుమాస్తా కింద వేస్తే ఉత్తరం రాస్తాడు. అందుకని చదువు రానివాడిలా కనబడే మనిషిని వెతికేవాణ్ని. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు పావుగంట పట్టింది. అప్పుడు ఆ పని చేయడానికి అరనిమిషం కూడా పట్టేది కాదు.

ఆ వారం వచ్చింది పిల్లల నవల ఒకటి తీసుకుని తీసిన మాయలమంత్రాల సినిమా. శాపం తగిలిన రాక్షసుడు రోజంతా కోట గోడ కడతాడు, తెల్లారేసరికి అది కూలిపోతుంది, మళ్లీ కడతాడు. భయపడి పారిపోవాల్సిన పిల్లలు చివరికి వాడికి రాళ్లు అందిస్తారు. ఆట వదలగానే మెట్ల మీదే జనం రెండు పార్టీలయ్యారు, నవల చదివినవాళ్లు, చదవనివాళ్లు. నల్లకుంట బ్యాంకు ఉద్యోగి ఒకాయన, "నవల్ల ఆరు పాటలున్నయా? యాడికెళ్లి వచ్చినయ్?" అని నన్ను నిలదీశాడు, సినిమా నేనే తీసినట్టు. కాలేజీ కుర్రాళ్లకు రాక్షసుడి కొమ్ములు నచ్చాయి. ఒక ముసలామె, "ఇంత మాయ జరుగుతుంటె ఒక్క దేవుడన్న రాకపాయె" అని నిట్టూర్చింది. కళ్లద్దాల పిల్లవాడొకడు పుస్తకంలో కుక్క చచ్చిపోదని ఏడుస్తున్నాడు, వాళ్లమ్మ ఐస్‌క్రీమ్ కొనిస్తానంటోంది. వీళ్లెవరూ నాకు పనికిరారు. నేను నా పదోవాడి కోసం చూస్తున్నాను.

కనబడ్డాడు. ఉతికిన తెల్ల చొక్కా, గోళ్ల సందుల్లో సిమెంటు. పక్కన రెండు జడల ఆడపిల్ల, పదేళ్లుంటాయి. పేరు ఎల్లయ్య. పాలమూరు జిల్లా. సుతారి మేస్త్రి, అంటే గోడలు కట్టే పని. అశోక్ నగర్‌లో అపార్ట్‌మెంట్ కడుతూ, ఆ జాగాలోనే రేకుల షెడ్డులో కూతురితో, తోటి పనివాళ్లతో ఉంటున్నాడు. కూతురి పేరు మణెమ్మ. ఇవన్నీ రాసుకుని, ఫొటో అయిపోయాక, మర్యాద కోసం టేపు నొక్కి, "ఎట్లున్నది అన్నా సినిమా?" అన్నాను. జవాబు కోసం అడగలేదు.

ఆయన మాత్రం జవాబు చెప్పాడు.

"మంచిగున్నది సార్. కండ్లల్ల నీళ్లొచ్చినయ్, అవద్దమెందుకు. కని ఒక్కటి జెప్పనా? మా బిడ్డకు బడిల టీచరమ్మ గా పుస్తకం ఇచ్చింది. దినాం మాపటికి రెండు పేజీలు సదివి నాకు ఇనిపిచ్చింది. పుస్తకంల గా రాక్షసుడు ఒక్కొక్క రాయి ఎత్తి పెడ్తడు. నడుం పట్టుకుంటడు. రాయి సక్కగ గూసోకపోతె తీసి మళ్ల పెడ్తడు. గీ సినిమాల చిటికేస్తె గోడ లేశింది. చిటికేస్తె లేశిన గోడ కూలితె ఎవనికేం బాధ సార్? ఇంకో చిటికేస్తడు. తీసినోళ్లు ఎన్నడన్న గోడ కట్టి ఉండరు."

"నేను ముందే జెప్పిన గద నాయిన, గది వేరే ఉంటదని," అంది ఆ పిల్ల, ఈ సంగతి ఇంట్లో ఎప్పుడో తేలిపోయినట్టు.

ఆ సినిమా గురించి నేను విన్న మాటల్లో తలకాయ ఉన్న మాట ఇదొక్కటే. నాకు అప్పుడే తెలుసు. ఇప్పుడు తెలిసిందని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉండేది, కానీ కాదు, అప్పుడే తెలుసు. "వచ్చే వారం నీ ఫొటో పడ్తది అన్నా" అని చెప్పి, ఆఫీసుకు పోయి, ఆయన మొహం కింద ఇది రాశాను:

'మా పిల్ల పోరు పడలేక వచ్చా. మొదటి అరగంటకే నిద్రపోయా. ఇంట్లో పిల్ల ఇదే కథ చదివి వినిపించినా నాకు నిద్రే వచ్చేది. – ఎల్లయ్య, కూలీ, అశోక్ నగర్.'

మేస్త్రిని కూలీ చేసింది కూడా నేనే. పొట్టిగా ఉంటుందని. ఎడిటర్ గారు చదివి కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "పదోది అదిరిందయ్యా." ఇంతవరకు స్నేహితులకు తెలిసిన కథ. ఇక్కడే బిస్కట్ వచ్చేది.

పత్రిక వచ్చిన నాలుగో రోజు వాళ్లిద్దరూ ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. ఆయన అదే చొక్కా. ఆ పిల్ల బడి బట్టల్లో ఉంది, చేతిలో మా పత్రిక. గదిలో నాతోపాటు ఇంకో ఇద్దరు రాసుకుంటున్నారు. నా బల్ల మీద టేప్ రికార్డర్, అందులో అదే క్యాసెట్. తర్వాతి సినిమా ఇంకా రాలేదు.

"యాదికున్ననా సార్?"

"కూసో అన్నా. ఏంది సంగతి?"

కూర్చోలేదు. "షెడ్డుల అందర్ని గూసోబెట్టి మణెమ్మ సదివింది సార్. తొమ్మిది మందివి గడగడ సదివింది. నాది రాంగనే ఆగిపోయింది. నేను గిట్ల అన్ననా సార్?"

"ఎట్ల?"

"నిద్రవోయిన అని. కూలి అని ఏసిండ్రు, గది పోనియ్. కని గప్పటిసంది బిడ్డ నాకు సదువుడు బంద్ జేసింది. ఇంకో పుస్తకం తెచ్చుకున్నది, మూలకు గూసొని దానంతట అదే సదువుకుంటది. నాకు జర ఇనిపియ్యి బిడ్డా అంటె, నీకు నిద్రొస్తదంట గద, పేపర్ల పడ్డది అంటది. మీ నాయిన గట్ల అనలే అని ఒక్క మాట జెప్పుండ్రి సార్. దానికి జెప్పుండ్రి. ఇంకేం అడగ."

తప్పు దిద్ది వేయమనలేదు. ఎడిటర్‌ను పిలవమనలేదు. ఒక్క మాట, అది కూడా ఆ గదిలోనే. చెబితే నాకేమయ్యేది? ఉద్యోగం పోయేదా? పోయేది కాదు, పోయినా అది పోవాల్సిన ఉద్యోగమే. భయం కాదండీ. ఆరేళ్లు వెతికాను, భయం ఎక్కడా దొరకలేదు. దొరికితే దాని మీద నెట్టేసేవాణ్ని. పక్కన ఇద్దరూ పెన్నులు ఆపి చూస్తున్నారు. ఆ గదిలో ఎవరైనా గంభీరంగా మాట్లాడితే ఒక్క ముక్కతో గాలి తీసేసేవాణ్ని నేను. అలాంటివాణ్ని లేచి నిలబడి, ఒక మేస్త్రి ముందు, పదేళ్ల పిల్ల ముందు, 'తప్పు నాది' అనాలి. ఆ సీన్ నాకు నచ్చలేదు. అంతే. ఒక తండ్రి మాట నిలబడటం కంటే, నేను తమాషాగా కనబడటం నాకు ముఖ్యమైంది.

"నువ్వే అన్నవ్ అన్నా," అన్నాను. "టేపుల ఉన్నది. ఇనిపియ్యాల్నా?"

ఇదే ఆ వాక్యం.

చెయ్యి రికార్డర్ మీద కూడా పెట్టాను. నా వేలి కింద ఆయన గొంతు ఉంది. గోడ, రాయి, నడుం, అన్నీ ఉన్నాయి. నొక్కితే చాలు.

"ఇనిపియ్యుండ్రి సార్," అంది మణెమ్మ.

ఎల్లయ్య నా మొహం చూశాడు. నా చెయ్యి చూశాడు. తర్వాత కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"వద్దులే బిడ్డ. సారు ఎందుకు అవద్దం జెప్తడు? అన్ననేమో. పొద్దుగాలటిసంది పని మీదుంటి. నోట్లెకెల్లి వచ్చిందేమో."

ఆ పిల్ల ఏడవలేదు. పత్రికను నాలుగు మడతలు పెట్టింది. తలెత్తి వాళ్ల నాయినను అడిగింది, "మరి నీకు నచ్చిందని నాకెందుకు జెప్పినవ్?"

ఆయన జవాబును నేను ఆ పెట్టెలో పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరూ మెట్లు దిగిపోయారు. పక్కనున్న వాళ్లలో ఒకడు "ఏందిరా పంచాయితీ?" అన్నాడు. నేను ఏదో అన్నాను. నవ్వారు. ఏమన్నానో గుర్తు లేదు, నవ్వారని గుర్తుంది.

పరుగెత్తితే సందు చివర అందేవాళ్లు. పక్కనున్న ఇద్దరూ టీకి దిగాక టేపు విన్నాను, రెండుసార్లు. వెనక ఆ పిల్ల గొంతు కూడా స్పష్టంగా ఉంది. మరుసటి శుక్రవారం అదే క్యాసెట్ మీద ఇంకో సినిమా జనాన్ని ఎక్కించాను. కొత్త క్యాసెట్ సొరుగులో ఉంది. ఉండగానే ఎక్కించాను.

ఆయన నిజంగానే నమ్మాడా? తన నోటి మాట కంటే అచ్చు మాటే నిజమని, సారు టేపే నిజమని అనుకున్నాడా? లేక నా చెయ్యి చూసి, విషయం అర్థమై, ఇరవై ఒక్కేళ్ల వెధవను కూతురి ముందు అబద్ధాలకోరుగా నిలబెట్టడం ఎందుకని, ఆ పేరు తనే మోసుకుపోయాడా? మొదటిదైతే ఒక మనిషికి తన మాట మీద తనకే నమ్మకం లేకుండా చేశాను. రెండోదైతే, అవమానం చేసినవాడి పరువు కాపాడే పని ఆయన మీద పెట్టాను. ఏది నయమో తేలదు. ఒకరోజు మొదటిదే అయి ఉండాలని కోరుకుంటాను, మర్నాడు అలా కోరుకున్నందుకు నన్ను నేను తిట్టుకుంటాను.

'ఏజ్ అట్లాంటిది' అని మీరు అనబోతున్నారేమో, అనకండి. 'మూడు వాక్యాలే కదా' అని కూడా అనకండి, అది నేను వాడేసిన మాట. ఈ మధ్య ఎవరైనా ఓదారిస్తే నాకు కోపం వస్తోంది. ఓదార్పు పొందే వరసలో నేను ఎక్కడున్నాను? నాకంటే ముందు ఇద్దరున్నారు.

రెండేళ్లయ్యాక ఒక ఆదివారం అశోక్ నగర్ వెళ్లాను. బిల్డింగ్ పూర్తయింది, బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి, షెడ్డు ఉన్న చోట స్కూటర్లు. వాచ్‌మన్‌ను అడిగితే, "పనోళ్లు పని అయిపోంగనే పోతరు గద సార్, యాడ దొరుకుతరు?" అన్నాడు. అదే నాలుగో రోజున వెళ్లి ఉంటే దొరికేవాళ్లు. ఇంకెవరూ దొరకరని ఖాయమయ్యాకే నా కాళ్లకు దారి తెలిసింది.

క్షమించమని ఇక్కడ రాయను. ఆయన చదివితే వెంటనే "పోనియ్ సార్" అంటాడు. అది వినే అర్హత కూడా నాకు లేదు. ఇంతవరకు రాసేసరికి మాత్రం గుండెలో ఏదో కాస్త వదులైంది, నిజం చెప్పాలి కదా. అలా వదులైనందుకు కూడా మంటగానే ఉంది. ఆ వదులు దక్కాల్సింది నాకు కాదు.

మణెమ్మకు ఇప్పుడు పదహారు ఉంటాయి. ఎక్కడుందో, ఇది ఆమె కంటపడుతుందో లేదో తెలియదు. పడితే ఇది ఆమెకు.

మీ నాయిన నిద్రపోలేదు మణెమ్మా. సినిమా అంతా చూశాడు. నువ్వు చదివిందంతా విన్నాడు.