పది బారల లోతులో ఎర్రబొట్టు

దెయ్యాలు, గాలి సోకడాలు అంటూ ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచి పోయే రకం నేను. మైపాడులో పుట్టాను. సముద్రంలో పోయినవాళ్లను ఒడ్డుకు మోసిన చేతులివి. ఏ రోజూ నాకు ఏదీ కనపడలేదు. ఇప్పుడు చెప్పేదాన్ని కూడా దెయ్యం అనడం లేదు. ఏమనాలో తెలియక, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఐదో తరగతితో బడి మానేశాను. కొన్నాళ్లు అన్నతో వేటకు పోయి, తర్వాత పాండిచ్చేరిలో టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకుపోయే చోట సిలిండర్లు మోసే పనికి చేరాను. మోస్తూ మోస్తూ డైవింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు అదే నా కూడు.

రెండేళ్ల కిందట మా అన్న శీనయ్య పొద్దున్నే ఒక్కడే పడవ తీశాడు. తోడు పోయేవాడికి ఆ రోజు జ్వరం. పది గంటలకల్లా గాలి లేచింది. అన్న తిరిగి రాలేదు.

మూడో రోజు మా రమణయ్య మామకు నీళ్ల మీద డీజిల్ తెట్టు కనపడింది. తాడుకు రాయి కట్టి వదిలితే పది బారల లోతున ఏదో తగిలింది. నాకు ఫోన్ చేశారు. దొరికిన ఒక్క సిలిండరు తీసుకుని తెల్లారేసరికి వచ్చాను. కంగారులో లైటు మరిచిపోయాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లు అప్పటికే మాట్లాడుకుంటున్నారు. మనిషి దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించాలని, ఆ రోజే మా కామాక్షి వదిన బొట్టు, గాజులు తీయించాలని. వదిన ఆ మాటలు వింటూనే గడప దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నేను సిలిండరు భుజానికెత్తుకుంటే ఒకటే అడిగింది.

"ఉన్నాడో లేడో చూసి చెప్పు అబ్బయ్యా. ఏదైనా సరే, తేల్చి చెప్పు."

మామ పడవ మీద తాడు పట్టుకున్నాడు. నేను దిగాను. నీళ్లు మడ్డిగా ఉన్నాయి. బారెడు దూరం మించి కనపడదు. తాడు వెంబడే అడుగుకు పోతే పడవ తగిలింది. బోర్లా పడి ఉంది. వల దాని చుట్టూ చుట్టుకుపోయింది. మనిషి ఉంటే దాని కిందే ఉండాలి. అంచు కింద చేయి పెట్టబోయాను.

అక్కడ తాబేలు ఉంది. చాటంత పెద్దది. మెడకు, ముందు రెక్కకు వల బిగుసుకుంది. బతికే ఉంది. నన్నే చూస్తోంది.

మా దగ్గర తాబేలు వలలో పడితే వల కోసైనా విడిపిస్తాం. ఒడ్డుకు వస్తే ఆడవాళ్లు దాని తలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి నీళ్లలోకి వదులుతారు. కట్టుపడినదాన్ని చూసి పక్కకు పోవడం మా ఇళ్లలో లేదు. నాకు డైవింగ్ నేర్పినాయన అయితే ముందు పడవ కింద చూసేవాడు. నేను కత్తి తీశాను.

దగ్గరికి పోయాక కనపడింది. దాని తల మీద పసుపు ఉంది. పసుపు మీద కుంకుమ బొట్టు. ఎర్రగా, అప్పుడే పెట్టినట్టు.

నీళ్లలో దిగేకొద్దీ ముందు పోయే రంగు ఎరుపే. అంత లోతున ఎర్ర చొక్కా బూడిద రంగులో ఉంటుంది. వేలు తెగితే రక్తం నల్లగా కనపడుతుంది. లైటు వేస్తేనే ఎరుపు తిరిగొస్తుంది. నా దగ్గర లైటు లేదు.

తాబేలుకూ మనలాగే గాలి కావాలి. మూడు రోజులు అడుగున కట్టుపడి బతకదు. ఆ పూటే చిక్కుకుని ఉండాలి. అట్లయితే పసుపు కుంకుమ ఎవరు పెట్టినట్టు? పెట్టినా నీళ్లలో ఎంతసేపు నిలుస్తుంది? ఇవన్నీ తర్వాత అనుకున్నవి. అప్పుడు ఏమీ అనుకోలేదు. భయం కూడా వేయలేదు. ఒక్కో పోగూ కోస్తూ పోయాను.

చివరి పోగు తెగాక అది పైకి పోయింది. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చూపే ముల్లు చూసుకుంటే ప్రమాదం గీత దాటింది. పడవ కింద చూడకుండానే నేనూ పైకి వచ్చాను.

"తాబేలు తేలింది, చూసినాను. నా పక్కనే ఊపిరి తీసుకుని పోయింది. దాని నెత్తిన పసుపూ ల్యా, బొట్టూ ల్యా, ఏమీ లేదు" అన్నాడు మామ, నేను బొట్టు సంగతి అడిగితే.

పాండిచ్చేరి పోయి సిలిండర్లు నింపించుకుని రెండో రోజు వచ్చేసరికి సముద్రం మీద మళ్లీ గాలి లేచింది. అది తగ్గాక అదే చోట నాలుగుసార్లు దిగాను. ఇసుక తప్ప ఏమీ లేదు. పడవ ఎటు కొట్టుకుపోయిందో ఈ రోజుకీ తెలియదు.

మొదట దిగిన రోజే ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్పాను. మా పెద్దమ్మ మూతి తిప్పింది.

"అన్నను చూసి రారా అంటే తాబేలును చూసొచ్చినాడు. బాగుంది సంబడం."

అప్పుడు వదిన నోరు విప్పింది. అన్న పోయిన రోజు పొద్దున, ఎప్పుడూ లేనిది, పసుపు కుంకుమ పొట్లం కట్టివ్వమన్నాడట. "మగాడివి నీకెందుకయ్యా" అని నవ్విందట. "తాబేళ్ల కాలం గదా, వలలో పడితే నేనే పెట్టి వదులుతా. ఒడ్డు దాకా దాన్ని యాడ మోసేది" అన్నాడట. ఈ సంగతి అంతవరకూ వదిన ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసే వీలే లేదు.

కర్మ జరిగింది. బొట్టు తుడవడానికి పెద్దమ్మ పసుపు నీళ్లు పట్టుకుని వచ్చి వదిన నుదుటి మీద చేయి పెట్టబోతే వదిన ఆ చేయి పట్టుకుంది.

"నీళ్లల్లో ఉన్నదానికే చెరగలేదంట పెద్దమ్మా. ఇంట్లో కూర్చున్నదాన్ని, నేనెందుకు చెరుపుకోవాలా."

తర్వాత బొట్టు తీయమని ఆమెను ఎవరూ అడగలేదు. ఈ రోజుకీ రోజూ స్నానం చేసి బొట్టు పెట్టుకుంటుంది. నేను పోయినప్పుడల్లా అన్నం పెడుతుంది. పడవ కింద ఎందుకు చూడలేదని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండు.

పాండిచ్చేరిలో కొత్తగా దిగేవాళ్లకు ముందు చెప్పే పాఠం ఒకటుంది. కింద ఎరుపు కనపడదు, కంగారు పడకండి అని. ఇప్పటికీ రోజూ చెబుతాను. అది అబద్ధం కాదు. నేను చూసిందీ అబద్ధం కాదు. రెండూ ఎట్లా కుదురుతాయో నాకు తెలియదు. వదిన తేల్చి చెప్పమంది. నేను తేల్చలేకపోయాను.