ఆవు పేరు పెట్టుకున్న మందు

నా చిన్నప్పుడు నేను అందరికంటే ఎక్కువ కుళ్ళుకున్నది పక్కింటి అక్కను చూసి. రాజంపేట దగ్గర మా నేతగాళ్ళ వీధిలో ఇంగ్లీషు చదవగలిగిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. కడపలో హైస్కూలు చదువుతూ సెలవులకు వచ్చేది. మా అవ్వ నన్ను పనికి పిలిచేది, ఆమెను మాటలకు పిలిచేది.

ఆ వేసవిలో వెనక వీధిలో అమ్మవారు పోసింది. తల్లికి పడదని ఎవరింట్లోనూ తాలింపు పెట్టడం లేదు. టీకాలాయన మా గడపలోకి రాగానే అవ్వ చంటి తమ్ముణ్ణి కొంగు కింద దాచుకుంది. "సూదితో గీకితే తల్లికి కోపమొస్తాది, పోప్పా" అంది.

అక్క వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. టీకాను ఇంగ్లీషులో వ్యాక్సిన్ అంటారనీ, ఆ మాట లాటిన్ అనే పాత భాషలో ఆవుకున్న పేరు నుంచి పుట్టిందనీ చెప్పింది. ఆవు అనగానే అవ్వ కొంగు తీసింది. అప్పుడామె అక్కను చూసినట్టు నన్నెన్నడూ చూడలేదు. ఓర్వలేకపోయాను. "అయితే ఆవును కోసి తీసిన మందేమో అవ్వా" అన్నాను.

నాకేమీ తెలియదు. అవ్వ అలా చూడటం మానాలి, అంతే. అవ్వ తమ్ముణ్ణి ఎత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. టీకాలాయన పెట్టె సర్దుకోసాగాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు.

అక్క నన్ను తిట్టలేదు. పక్కకు పిలిచి ఆ మాట పుట్టుక మొత్తం చెప్పింది. ఇంగ్లండులో పాలు పిండే పిల్లలకు ఆవు పొదుగు నుంచి చేతులకు పొక్కులు అంటుకునేవట. అవి వచ్చినవాళ్ళకు అమ్మవారు పోసేది కాదట. అది గమనించిన వైద్యుడొకడు అలాంటి ఒక పిల్ల చేతి పొక్కు రసంతో ఇంకొక పిల్లాడికి టీకా వేశాడట. అందుకే మందుకు ఆవు పేరు. "పోయి నువ్వే చెప్పు పాపా. నా మాట ఇంక ఇనదు" అంది.

మూసిన తలుపుకే చెప్పాను. పాలు పిండే పిల్లల దాకా వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. "ఇదంతా నీకెట్ల తెలుసునే?" అంది అవ్వ. నేను వెనక నిలబడ్డ అక్క వైపు తిరిగాను. "శానా తెలివైన పిల్లవ్వా" అంది అక్క. అవ్వ తమ్ముణ్ణి తెచ్చి టీకాలాయన ముందు కూర్చుంది.

ఆ నెల వెనక వీధిలో ఇద్దరు పిల్లలు పోయారు. మా తమ్ముడు బతికాడు.

అక్క ఈ మధ్యనే పోయింది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు వచ్చి ఆమె గురించి చెప్పుకుంటూ ఏడుస్తుంటే, ఆమె వాళ్ళకు నాకంటే ఎక్కువ దక్కిందని మళ్ళీ కుళ్ళుకున్నాను. ఆ గుణం నన్ను విడిచిపోలేదు. అది లేచినప్పుడు నోరు మూసుకుని, ఎవరిని చూసి లేచిందో వాళ్ళ మాట చివరిదాకా వినడం మాత్రం ఆ వేసవిలోనే నేర్చుకున్నాను. వాళ్ళందరూ చెప్పడం అయిపోయేదాకా కూర్చుని విన్నాను.