కానుకల సంచిలో ఫోన్లు

సువార్తరాజు అంకుల్‌కి అనుమానం. ఫలానా దాని మీద అని కాదు, అన్నిటి మీదా. మాంట్రియల్‌లో ఇవాళ మంచు పడదని రేడియో చెబితే ఆయన పార పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. పడుతుందని చెప్పినా నిలబడతారు. "ఇంత ముందుగా ఎందుకు చెబుతున్నారంటావ్?" అని ఆయన బాధ. దయావతి ఆంటీ ఇన్నేళ్లు కాపురం చేసినా, తను అడక్కుండానే ఆవిడ కాఫీ ఇస్తే "ఏంటి సంగతి?" అంటారు.

తెలుగు చర్చి హాలు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఆ హాల్లోనే మా ఫిల్మ్ క్లబ్ నెలకో సినిమా వేస్తుంది. కాబట్టి నా ఖర్మ కొద్దీ నెలనెలా విచారణకు హాజరవుతుంటాను.

"ఏం సినిమామ్మా మృదులా?"

"థాయ్‌లాండ్‌ది అంకుల్. ఇండిపెండెంట్ ఫిల్మ్."

"డబ్బులెవరు పెట్టారు?"

"పెద్ద కంపెనీలేవీ పెట్టలేదు. అందుకే ఇండిపెండెంట్."

"ఎవరూ పెట్టకుండా సినిమా ఎలా వచ్చింది? ఏదో ఉంది."

సినిమా తీసిన నిచా నా పక్కనే ఉంది. 1976లో బ్యాంకాక్‌లోని ఒక యూనివర్సిటీలో విద్యార్థుల్ని కాల్చి చంపిన రోజు గురించి తీసిందామె. ఆ రోజు బతికి బయటపడిన ఒక పెద్దావిడ ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నారు. సినిమాలో ఆవిడ గొంతు వినిపిస్తుంది, ముఖం కనిపించదు. ఒక్కసారైనా మనుషుల ముందు నిలబడి ఆ రోజు సంగతి చెప్పాలని ఆవిడ కోరిక. కానీ ఎవరైనా ఫొటో తీసి నెట్‌లో పెడితే, ఆ ఊసే గిట్టని అక్కడి ప్రభుత్వంతో బ్యాంకాక్‌లో ఉన్న తమ్ముడికి కష్టాలు. హాలు చూశాక మాట్లాడాలో వద్దో తేల్చుకుంటారట.

నిచా ఇదంతా ఇంగ్లీషులో చెబుతుంటే అంకుల్ కళ్లు చిట్లించి విన్నారు. ఈయన ఆ పెద్దావిణ్ణి కూడా బోనెక్కిస్తారు!

షో రోజు అంకుల్ చర్చికి వేసుకునే సూటు తొడుక్కుని తలుపు దగ్గర వెలిశారు. "మీ పేరు? ఈ సినిమా సంగతి ఎవరు చెప్పారు? ఫేస్‌బుక్కా? ఫేస్‌బుక్‌కి ఎవరు చెప్పారు?" మెడలో కెమెరా వేసుకొచ్చిన కుర్రాణ్ణి, అది కార్లో పెట్టి రమ్మని వెనక్కి పంపారు.

"అంకుల్, మీకు దణ్ణం పెడతా. జనం పారిపోతారు!"

"పారిపోయేవాళ్ల మీదే నాకు డౌటు."

అంతటితో ఊరుకున్నారా? ఆదివారం ఆరాధనలో వరసల మధ్య తిప్పే కానుకల సంచి బయటికి తీశారు. వరసవరసా తిరిగి ఒక్కొక్కరి ముందూ నిలబడి "ఫోను" అన్నారు. వేసేదాకా కదల్లేదు. సంచి చూడగానే ఒక క్యుబెక్ పెద్దాయన చిన్ననాటి చర్చి అలవాటు కొద్దీ నాణెం వేశాడు. నాణెం తిరిగిచ్చి ఫోను పుచ్చుకున్నారు.

"నాదెందుకండీ? నాకు ఫొటో తియ్యడమే రాదు," అంది దయావతి ఆంటీ.

"అందరూ అదే అంటారు."

నాదీ పోయింది. క్లబ్బు పరువూ పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు నిచా వెంట ఆ పెద్దావిడ వచ్చారు. అంకుల్ ఆవిడ వంక చూశారు. ఏమీ అడగలేదు. పక్కకి జరిగి, వెనక తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీ చూపించారు.

సినిమా అయింది. లైట్లు వెలిగాయి. ఆవిడ తల తిప్పి ముఖాలు చూడలేదు, చేతులు చూశారు. ఒక్క చేతిలోనూ ఫోను లేదు. మెల్లగా లేచి ముందుకు నడిచారు. ఆ రోజు తిరిగిరాని స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే పలికారు. మధ్యలో ఒకరి అల్లరి గుర్తొచ్చి పకపకా నవ్వారు కూడా. నిచా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

హాలు ఖాళీ అయ్యాక అడిగాను. "అందర్నీ పేరడిగారు. ఆవిణ్ణి అడగలేదేం అంకుల్?"

"తెలిస్తే రేపెప్పుడో ఎవడి దగ్గరో వాగుతాను. నా మీద మాత్రం నాకేం నమ్మకం?"

ఈ వ్యాసం రాస్తున్నానంటే ముందు తనకి చూపించి తీరాలన్నారు. చూపించాను. ఆవిడ ఏ వీధిలో ఉంటారో, ఏం పని చేస్తారో రాసిన వాక్యాలన్నీ అడ్డంగా కొట్టేశారు. నేనూ వాదించలేదు.

"మరి మీ పేరు కూడా తీసెయ్యమంటారా?"

"నా పేరెందుకు తియ్యడం? ఉండనీ. ఎవడైనా వాకబు చేస్తూ వస్తే తిన్నగా నా దగ్గరికే రానీ. నేనూ అడగాల్సినవి చాలా ఉన్నాయి."