పికప్ తగ్గిన కారు

తిరువూరు నుంచి బెజవాడకు డీజిల్ కారు కిరాయికి తిప్పే హనుమయ్యకు కుడికాలి చెప్పే ముందు అరుగుతుంది. ఎక్కగానే స్టీరింగును తాకి కళ్ళకద్దుకుంటాడు, ఆపైన యాక్సిలరేటరు మీంచి కాలు తీయడు. పొగ ఎక్కువ వస్తోందని కంపెనీ ఆ రకం కార్లన్నిటినీ వెనక్కి పిలిచి, ఇంజనులో ప్రోగ్రాం మార్చి పంపింది. అప్పటినుంచి పికప్ తగ్గింది, డీజిలూ కాస్త ఎక్కువే తాగుతోంది. పాపం, దిష్టి తగిలిందనుకొని కారుకు గుమ్మడికాయ కొట్టాడు. అయినా బండి లాగితేనా! "బాబాయ్, ఆటో కూడా దాటేసిందే!" అని వెనక సీటువాళ్ళు నవ్వుతుంటే ఆయన చెవులు ఎర్రబడేవి. బేరాలు పక్క కార్లకు పోతాయని బెంగ.

"పాత ప్రోగ్రాం ఎక్కించేస్తాను, తీసుకురా బాబాయ్" అన్నాడు మెకానిక్ ఉదయ్ కుమార్. సరేనని హనుమయ్య ఇంటి ముందున్న కారు స్టార్టు చేశాడు. పక్కింటి కిటికీలోంచి ఉబ్బసం మనిషి మాణిక్యమ్మ తల బయటపెట్టింది.

"ఏరా హనుమయ్యా, ఏం చేయించావురా బండికి? ఇన్నాళ్ళూ నీ పొగకి ఈ కిటికీ తీస్తే ఒట్టు! ఇప్పుడు గాలి ఆడుతోంది. ఎవడు బాగుచేశాడో గానీ, వాడు చల్లగా ఉండాలి."

"కంపెనీవాళ్ళు పిన్నీ" అన్నాడు. ఇంజను ఆపి దిగాడు.

ఇప్పుడు బేరం కుదరకముందే చెప్పేస్తున్నాడు: "నా బండి నిదానమండి. తొందరైతే ఇంకో బండి చూసుకోండి."