రెండు ఎడమచేతుల జాకెట్టు

పోయిన నెల ఆళ్లగడ్డ నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసి అత్త పోయిందని చెప్పింది. నంద్యాలలో నా కుట్టు అంగట్లో మిషన్ మీద ఉన్నాను. వింటూ కూడా కాసేపు తొక్కుతూనే ఉన్నాను.

మా అత్తది కటువైన నోరు. పెళ్లయిన కొత్తలో ఆమె పిలిస్తే నాకు గుండె దడ. ఆ నోరే నన్ను మళ్లీ పనిలో కూర్చోబెట్టిందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కరోనా రోజుల్లో నాకూ అది సోకింది. జ్వరం తగ్గింది గానీ నా బుర్ర తేరుకోలేదు. టేపుతో కొలత చూసి, కత్తెర అందుకునేలోగా మర్చిపోయేదాన్ని. మాట మధ్యలో ఆగిపోయేదాన్ని. వైరస్ జ్వరం తర్వాత కొందరికి మెదడు ఇలా మొద్దుబారుతుందని, తేరుకోవడానికి నెలలు పట్టవచ్చని డాక్టరు చెప్పాడు. మా ఆయన మాత్రం సోమరితనం అన్నాడు. అంగడి మూసేద్దామన్నాడు, నేనూ సరేనన్నాను. నాదంటూ ఉన్నది ఆ అంగడి ఒక్కటే.

ఆ సంగతి విని అత్త బస్సెక్కి వచ్చింది. సంచిలోంచి ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ తీసి నా ముందు పడేసింది.

"కుట్టు."

"చెడిపోతాది అత్తా."

"చెడిపోతే నా గుడ్డే గదా. నీకేం నొప్పి?"

కుట్టాను. జాకెట్టు చేతులకు గుడ్డ మడిచి రెండూ ఒకేసారి కోస్తాం. అప్పుడే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వస్తుంది. నేను మడత మరిచి ఒకదాని తర్వాత ఒకటి కోశాను. రెండూ ఎడమచేతివే అయ్యాయి. ఆమె తొడుక్కుని కుడిచెయ్యి ఎత్తలేకపోయినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఏడ్చేశాను. విప్పి సరిచేస్తానంటే ఇవ్వలేదు.

"ఏందిమే, ఏడుస్తాండావ్? చెయ్యి పైకెత్తి ఎవురికి దండం పెట్టల్ల నేను? ఇంగొక గుడ్డ తెచ్చినా, పట్టు. ఈసారి నోటితో చెప్పుకుంటా కొయ్యి. నేను ఇంటాంటా."

అట్లా కొన్నాళ్లు నా ఎదురుగా పీటేసుకుని కూర్చుంది. "మడిచినా" అని నేను పైకి చెప్తేనే కత్తెర చేతికిచ్చేది. తడబడితే "పో, పండుకో" అని గదిమేది. "జరం ఒళ్లు ఇడిసింది, తల ఇంగా ఇడల్ల. తొందరపెడితే అయ్యేది కాదు" అని అంగడికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. తన కొడుక్కయితే ఇంకాస్త గట్టిగా చెప్పింది.

ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి బుర్ర మసకేస్తుంది. అంగడి మాత్రం నడుస్తోంది. కోసేటప్పుడు ఇంకా పైకే చెప్పుకుంటాను.

దినాలయ్యాక ఆమె బట్టలు సర్దుతుంటే ఆ ఆకుపచ్చ జాకెట్టు దొరికింది. ఇన్నాళ్లూ అది పెట్టె అడుగున కొత్తగా పడి ఉంటుందనుకున్నాను. ఉతికి ఉతికి రంగు వెలిసిపోయింది. కుడి చంక దగ్గర పిగిలిన ప్రతిచోటా, నల్లదారంతో, ఆమె చేత్తో వేసుకున్న పొడుగాటి వంకర కుట్లు.